తీర్పరి లేని తీర్పు: బౌద్ధ సంఘ చరిత్రలో కపట భిక్షువు భయం

తెలుగునాట నరకం తెలియని ఇల్లు లేదు. హరికథల్లోను, తోలుబొమ్మలాటల్లోను, ఆ తరువాత వెండితెర మీదను యమధర్మరాజు కొలువుతీరుతూనే ఉన్నాడు. చిత్రగుప్తుని చిట్టా, పాశం పట్టిన భటులు, సలసల కాగే నూనె కొప్పెర ఇవన్నీ పిల్లలకు కథగా, పెద్దలకు హాస్యంగా, మంచాన పడిన వృద్ధులకు మాత్రం భయంగా మిగిలాయి. ఆ భయానికి విరుగుడును కూడా మన సమాజం సిద్ధం చేసి ఉంచింది. వైతరణి దాటడానికి గోదానం ఉన్నది. పాపానికి తగిన ప్రాయశ్చిత్తం, దానికి తగిన దక్షిణ ఉన్నవి. తీర్పు చెప్పేవాడు ఒకడున్నాడంటే, అతన్ని ప్రసన్నం చేసుకునే దారులు కూడా ఉంటాయని జనం నమ్ముతారు. ఆ దారులు బాగా తెలిసినవాడు మతాన్ని వృత్తిగా చేసుకున్నవాడే. కనుక అందరికంటె ఎక్కువగా భయపడవలసినవాడు అందరికంటె తక్కువగా భయపడతాడు. వేషానికీ నడతకూ పొంతన లేని ఇటువంటివారిని మన వేమన ఎంతగా ఎండగట్టాడో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

బౌద్ధం ఈ చిక్కును ఎలా ఎదుర్కొన్నది? సృష్టికర్తను అంగీకరించని ధర్మంలో తీర్పు ఎవరిది? కాషాయం ధరించి లోపల మరొకలా బ్రతికేవాడికి అక్కడ భయం దేనివల్ల కలగాలి? ఈ ప్రశ్నలను సంఘం బయటివారు వేయలేదు. సంఘమే తనకు తాను వేసుకొన్నది. ఆ చరిత్రలోని కొన్ని ఘట్టాలను, వాటిలో మన ఆంధ్రదేశపు బౌద్ధులు చేర్చిన ఒక మెట్టును ఈ వ్యాసంలో పరిశీలించదలచాము.

యముడు అడిగిన ప్రశ్నలు

మజ్ఝిమ నికాయంలో దేవదూత సుత్తం ఉన్నది. అందులోనూ యముడున్నాడు, నరకమున్నది, భటులున్నారు. ఆ భటుల పేరు నిరయపాలులు. చనిపోయిన పాపిని వారు రెండు చేతులూ పట్టుకొని యముని ముందు నిలబెడతారు. వారు మోపే నేరాలు గమనించదగినవి. తల్లిని, తండ్రిని, శ్రమణులను, బ్రాహ్మణులను, కులపెద్దలను ఇతడు ఆదరించలేదని అంటారు. యజ్ఞం చేయలేదనిగాని, మొక్కు చెల్లించలేదనిగాని అనరు.

అప్పుడు యముడు చిట్టా తెరవడు. ప్రశ్నలు వేస్తాడు. లోకంలో నీకు దేవదూతలు కనబడలేదా అని అడుగుతాడు. కనబడలేదని పాపి అంటే, ఆ దూతలెవరో ఒక్కొక్కరినే గుర్తుచేస్తాడు. తన మలమూత్రాల్లో తానే వెల్లకిల పడి ఉన్న పసికందు మొదటి దూత. నడుము వంగి కర్ర పట్టుకున్న ముసలివారు రెండవ దూత. ఇతరులు లేపితే తప్ప లేవలేని రోగి మూడవ దూత. రాజభటుల చేతిలో దండన అనుభవిస్తున్న దొంగ నాలుగవ దూత. ఉబ్బి రంగు మారిన శవం ఐదవ దూత. సిద్ధార్థుని గృహత్యాగ కథలో కనిపించే ముసలి, రోగి, శవం ముగ్గురూ ఈ వరుసలో ఉన్నారు. చూశానుగాని ప్రమత్తుడనై ఉండిపోయానని పాపి ప్రతిసారీ ఒప్పుకుంటాడు. ఆ పని నీ తల్లి చేయలేదు, తండ్రి చేయలేదు, తోబుట్టువులు, మిత్రులు, శ్రమణ బ్రాహ్మణులు, దేవతలు ఎవరూ చేయలేదు, నీవే చేశావు, ఫలితమూ నీదేనని యముడు ప్రతిసారీ బదులిస్తాడు. ఐదవ ప్రశ్న తరువాత అతడు మౌనం వహిస్తాడు. శిక్ష విధించినట్లు సుత్తంలో ఒక్క మాటైనా లేదు.

అంతకంటె ఆశ్చర్యకరమైన విషయం సుత్తం చివర వస్తుంది. తానూ ఏనాటికైనా మనుష్యజన్మ పొందాలని, అప్పటికి లోకంలో తథాగతుడు ఉండాలని, ఆయనను సేవించి ధర్మం వినాలని యముడు కోరుకుంటాడు. ఇతరులను ప్రశ్నించే స్థానంలో కూర్చున్నవాడికే విముక్తి కావలసి ఉన్నది. అటువంటివాడికి లంచమిచ్చి ఎవరైనా ఏం పొందగలరు?

ఈ సుత్తం గ్రంథాల్లో మాత్రమే ఉండిపోలేదు. అశోకుని కాలంలో ధర్మప్రచారానికి వెళ్ళిన స్థవిరులు ఎక్కడెక్కడ ఏయే సుత్తాలు బోధించారో సింహళ వంశకథలు చెబుతున్నాయి. మహిషమండలానికి వెళ్ళిన మహాదేవ స్థవిరుడు దేవదూత సుత్తాన్నే బోధించాడట. మహిషమండలం నేటి మైసూరు ప్రాంతమా, నర్మదాతీరపు మాహిష్మతా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. కొత్త ప్రాంతంలో తొలి బోధగా ఈ ఐదు ప్రశ్నలనే ఎన్నుకొన్నట్లు సంప్రదాయం గుర్తుపెట్టుకోవడమే మనకు ముఖ్యం.

అగ్నిరాశి ఎదుట

దేవదూత సుత్తం అందరికోసం చెప్పినది. కాషాయం ధరించినవారికోసం ప్రత్యేకంగా చెప్పినది అంగుత్తర నికాయంలోని అగ్గిక్ఖంధోపమ సుత్తం, అంటే అగ్నిరాశిని ఉపమానంగా తీసుకొన్న బోధ. కోసల దేశంలో భిక్షుసంఘంతో చారిక చేస్తున్న బుద్ధుడు ఒకచోట పెద్ద అగ్నిరాశి మండుతుండగా చూసి, దారి వదలి ఒక చెట్టు కింద కూర్చున్నాడు. శీలం తప్పి, శ్రమణుడు కాకపోయినా శ్రమణుడనని చెప్పుకొనేవాడికి ఏది మేలు అని వరుసగా అడిగాడు. స్త్రీని కౌగిలించుకోవడం కంటె ఆ మంటను కౌగిలించుకోవడమే అతనికి మేలన్నాడు. శ్రద్ధతో ఇచ్చిన చీవరం కట్టుకోవడం కంటె కాలిన ఇనుపరేకు ఒంటికి చుట్టుకోవడం మేలన్నాడు. భిక్షాన్నం తినడం కంటె నిప్పులా కాలిన ఇనుపగుండు మింగడం మేలన్నాడు. ఇతరుల నమస్కారం అందుకోవడం, వారిచ్చిన మంచం మీద పడుకోవడం, వారు కట్టించిన విహారంలో నివసించడం అన్నింటినీ ఇలాగే తూచాడు. ఆ బాధలు శరీరాన్ని చంపుతాయేగాని నరకానికి పంపవు. దాత శ్రద్ధను మోసగించి అనుభవించిన సుఖం మాత్రం దీర్ఘకాలపు దుఃఖానికి దారి తీస్తుంది. బోధలోని హేతువు ఇది.

ఆ బోధ ముగిసేసరికి అరవైమంది భిక్షువులు వేడి నెత్తురు కక్కుకున్నారని, అరవైమంది ఇది మావల్ల కాదని చీవరం విడిచి గృహస్థులయ్యారని, అరవైమంది ఆస్రవాలనుండి విముక్తులయ్యారని సుత్తం చెబుతున్నది. ఒకే మాట విన్నవారు మూడు దారుల్లో వెళ్ళారు. వీరిలో రెండవ అరవైమందిని మనం సాధారణంగా ఓడిపోయినవారిగా చూస్తాం. సుత్తంలో వారిపై నింద లేదు. తమకు చాతకాని వేషాన్ని నిజాయితీగా విప్పివేసి వెళ్ళినవారు వారు. అశోకుని కాలంలో అపరాంత దేశానికి వెళ్ళిన యోనక ధర్మరక్షితుడు బోధించినది ఈ సుత్తమేనని వంశకథలు చెప్పడం ఇక్కడ గుర్తుంచుకోవాలి.

శ్రద్ధతో ఇచ్చిన దానం అంటే ఏమిటో తెలియాలంటే మన అమరావతి శాసనాలు చదవాలి. అక్కడి స్తూపానికి రాజులు, శ్రేష్ఠులు మాత్రమే దానాలు చేయలేదు. విధికుడనే చర్మకారుడు తన తల్లి, భార్య, సోదరులు, సంతానంతో కలిసి పూర్ణఘటం చెక్కిన శిలాఫలకాన్ని సమర్పించాడు. చెప్పులు కుట్టి, తోలు పనిచేసి కూడబెట్టిన సొమ్ముతో చేయించిన రాయి అది. అటువంటి చేతులనుండి వచ్చిన అన్నం తింటూ శీలం తప్పిన భిక్షువు ఎవరిని మోసగిస్తున్నాడో అగ్గిక్ఖంధోపమ సుత్తం చెబుతున్నది. అక్కడ అవమానం పొందినది దేవుడు కాదు. విధికుని వంటి మనిషి శ్రద్ధ.

భయపడనివాని కథ

అందరూ భయపడతారా? భయపడరన్న సంగతి కూడా సంఘానికి తెలుసు. ఉదానంలోను, వినయపిటకంలోను వచ్చే ఒక ఉపోసథపు రాత్రి కథ దీనికి సాక్ష్యం. సంఘం సమావేశమైంది. బుద్ధుడు మౌనంగా కూర్చున్నాడు. మొదటి జాము గడిచింది, ప్రాతిమోక్షం పఠించమని ఆనందుడు ప్రార్థించాడు. బుద్ధుడు పలకలేదు. రెండవ జాము గడిచింది, మళ్ళీ మౌనమే. తెల్లవారబోతుండగా మూడవసారి అడిగితే, ఈ పరిషత్తు పరిశుద్ధంగా లేదని మాత్రం అన్నాడు. అప్పుడు మహామౌద్గల్యాయనుడు లోపల కుళ్ళి పైకి బ్రహ్మచారిగా కనిపిస్తున్న ఆ మనిషిని గుర్తించి, లేచి వెళ్ళమని మూడుసార్లు చెప్పాడు. అతడు కదలలేదు. చివరకు చేయి పట్టుకొని బయటకు నడిపించి తలుపు గడియ వేయవలసి వచ్చింది. చేయి పట్టుకొనేదాకా అతడు కూర్చునే ఉన్నాడేమని బుద్ధుడు ఆశ్చర్యం వ్యక్తం చేశాడు. ఇకమీదట ఉపోసథం మీరే జరుపుకోండని సంఘానికి చెప్పాడు.

రాత్రంతా సాక్షాత్తు బుద్ధుని ఎదుట కూర్చొని కూడా ఆ మనిషికి వణుకు పుట్టలేదు. కపటం ముదిరినకొద్దీ భయం చచ్చిపోతుందని ఈ కథ హెచ్చరిస్తున్నది. పాపం పట్ల సిగ్గును హిరి అని, దాని పర్యవసానం పట్ల జంకును ఒత్తప్ప అని పాళీ గ్రంథాలు పిలుస్తాయి. ఈ రెండూ లోకాన్ని కాపాడే ధర్మాలని అంటాయి. ఆ రెండూ పోయినవాడిని మరే నరకవర్ణనా కదిలించదు. అందుకే తలుపు వేసే బాధ్యత సంఘం మీద పడింది.

చక్రవర్తి భయం

ఆ బాధ్యతను సంఘం నిర్వర్తించలేనప్పుడు ఏమవుతుందో అశోకుని కాలపు కథ చెబుతున్నది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో రాజాదరణ పెరగగా, లాభసత్కారాల ఆశతో ఎందరో తమంత తామే కాషాయం కట్టుకొని విహారాల్లో చేరారని పాళీ సంప్రదాయం చెబుతున్నది. వారితో కలిసి కూర్చోవడానికి ఇష్టపడక పాటలీపుత్రంలోని అశోకారామంలో భిక్షువులు ఏడేళ్ళపాటు ఉపోసథం జరుపలేదు. సయోధ్య కుదర్చమని రాజు పంపిన అమాత్యుడు ఆజ్ఞను తప్పుగా అర్థం చేసుకొని, ఉపోసథానికి ఒప్పుకోని భిక్షువుల తలలు నరికించాడు. రాజు తమ్ముడే అయిన తిష్య భిక్షువు అడ్డుగా వచ్చి కూర్చునేదాకా ఆ హత్య ఆగలేదు.

ఈ వార్త విన్న అశోకునికి నిద్ర పట్టలేదు. ఈ పాపం ఎవరిదని భిక్షువులను అడిగాడు. నీదేనని కొందరు, నీకూ అమాత్యునికీ ఇద్దరికీ అని కొందరు, సంకల్పం లేదు గనుక నీకు పాపం లేదని కొందరు అన్నారు. ఆ సందేహం తీర్చడానికే మోగ్గలిపుత్త తిష్య స్థవిరుని పిలిపించారు. ఆయన సంకల్పమే కర్మ అన్న సూత్రాన్ని వివరించి రాజుకు ఊరట కలిగించాడు; ఆ పైన సంఘాన్ని శుద్ధిచేశాడు. అరవైవేలమంది కపట భిక్షువులకు తెల్లబట్టలు కట్టించి పంపివేశారని వంశకథలు చెబుతాయి.

ఈ సంగీతి గురించి ఉత్తరాది బౌద్ధ సంప్రదాయాలు మౌనంగా ఉన్నాయి. అరవైవేల లెక్కను చరిత్రగా స్వీకరించనక్కరలేదు. అయితే సారనాథ్, సాంచి, కౌశాంబిల్లోని అశోక శాసనాలు ఈ కథకు దగ్గరగా ఉన్న ఒక వాస్తవాన్ని రాతిమీద నిలిపాయి. సంఘాన్ని చీల్చే భిక్షువుగాని భిక్షుణిగాని తెల్లబట్టలు ధరించి ఆవాసం వెలుపల ఉండవలసిందేనని వాటి ఆదేశం. వేషానికి అర్హత పోయినప్పుడు వేషం విప్పించడమే ఇక్కడి శిక్ష.

అశోకుని మూడవ స్తంభశాసనాన్ని కూడా దీనితో కలిపి చదవాలి. మనిషి తాను చేసిన మంచినే చూసుకుంటాడని, చేసిన చెడును చూసుకోడని, ఆ చూపు అలవడడం కష్టమని ఆయన అందులో అన్నాడు. ఎవరిది పాపమని ఒకనాడు ఇతరులను అడిగినట్లు కథలో కనిపించే రాజు, శాసనంలో ఆ పరీక్షను ఎవరికి వారే చేసుకోవాలని చెప్పడం గమనించదగినది.

భటులు లేని నరకం

మోగ్గలిపుత్త తిష్యుడు ఆ సందర్భంలో పరమతాలను ఖండిస్తూ కథావత్థు చెప్పాడని సంప్రదాయం. ఆ గ్రంథం ఒక్కసారిగా రూపొందినది కాదని, తరువాతి కాలపు వాదాలు కూడా అందులో చేరాయని చరిత్రకారుల అభిప్రాయం. దాని 20వ వర్గంలో ఒక చర్చ మన ప్రాంతానికి సంబంధించినది. నరకంలో నిరయపాలులు అనేవారు నిజంగా ఉన్నారా? లేరని వాదించినవారు అంధకులని అట్ఠకథ చెబుతున్నది. అంధకులంటే ఆంధ్రదేశంలో వర్ధిల్లిన పూర్వశైల, అపరశైల, రాజగిరిక, సిద్ధార్థిక శాఖలవారు. క్రీ.శ. 7వ శతాబ్దంలో వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ కూడా ధాన్యకటకం వద్ద పూర్వశైల, అపరశైల విహారాలను పేర్కొన్నాడు.

వారి వాదం సూటిగా ఉన్నది. నరకంలో వేరే భటులు లేరు. పాపి చేసిన కర్మలే భటుల రూపంలో అతన్ని బాధిస్తాయి. యముడుగాని వైశ్రవణుడుగాని అక్కడ ఎవరినీ కొట్టరని, ఎవరి కర్మలు వారినే కొడతాయని చెప్పే ఒక ప్రాచీన గాథను వారు ఆధారంగా చూపారు. స్థవిరవాదులు అంగీకరించలేదు. ఈ లోకంలో రాజదండన అమలుచేసేవారు ఉన్నట్లే అక్కడా ఉంటారన్నారు. నిరయపాలులను బుద్ధుడే పేర్కొన్న సుత్తాలను ఉదహరించారు. గ్రంథం వారిది గనుక గెలుపూ వారిదే.

అయినా అంధకుల ఆలోచన అక్కడితో ఆగిపోలేదు. కొన్ని శతాబ్దాల తరువాత గాంధారానికి చెందిన వసుబంధువు తన వింశతికలో దాదాపు ఇదే ప్రశ్నను చర్చించాడు. ఆ మంటల్లో నిలబడి ఇతరులను హింసించే భటులు తామెందుకు కాలిపోవడం లేదని అడిగి, వారు నిజమైన జీవులు కారని తేల్చాడు.

ఈ వాదం సంఘంలో నిజంగా ఎవరిని తాకుతుందో ఆలోచించాలి. భటుడు బయటివాడైతే అతని కన్నుగప్పవచ్చునన్న ఆశ ఉంటుంది. చేసిన పనే భటుడైతే తప్పించుకొనే చోటు లేదు. ఏ దానమూ ఆ పనిని చేయని పనిగా మార్చలేదు. యముని మౌనంతో దేవదూత సుత్తం మొదలుపెట్టిన ఆలోచనను కృష్ణాతీరపు భిక్షువులు చివరిదాకా తీసుకువెళ్ళారని మేము భావిస్తున్నాము.

ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినట్లు ప్రసిద్ధిచెందిన సుహృల్లేఖలోనూ నరకవర్ణన దీర్ఘంగా ఉన్నది. నరకాన్ని బొమ్మలో చూసినా, విన్నా, చదివినా భయం కలిగినప్పుడు, అనుభవించవలసి వస్తే ఎలా ఉంటుందో ఆలోచించమన్నాడు ఆయన. ఆ లేఖ సింహాసనం మీద ఉన్నవాడికి ఒక మిత్రుడు రాసినది. ప్రజలను బెదిరించడానికి రాజుకు అందించిన ఆయుధం కాదు. ఆ భయాన్ని రాజు తనకు తాను వర్తింపజేసుకోవాలి.

వేలు ఎటు చూపాలి

ఈ వ్యత్యాసాన్ని మరచిపోయినప్పుడు కర్మసిద్ధాంతం ఎంత క్రూరంగా మారుతుందో మన దేశ చరిత్రకు బాగా తెలుసు. నీ పూర్వజన్మ పాపమే నీ పేదరికం, నీ అంటరానితనం అని చెప్పి కోట్లాది మంది నోరు మూయించారు. అడగవలసిన ప్రశ్న తమవైపు తిరగకుండా ఎదుటివారి పుట్టుకవైపు తిప్పారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో లక్షలాది మందితో కలిసి బౌద్ధం స్వీకరించిన డాక్టర్ అంబేద్కర్, ఆయన మరణానంతరం 1957లో వెలువడిన ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ గ్రంథంలో ఈ వాదాన్ని తీవ్రంగా ఖండించారు. పేదల దుస్థితికి తమ బాధ్యత లేదని సమాజం తప్పించుకోవడానికే అది ఉపకరిస్తుందన్నారు. అదే గ్రంథం ఉపోద్ఘాతంలో భిక్షువు గురించి కూడా నిలదీశారు. భిక్షువు తన పరిపూర్ణత చూసుకొనేవాడా, సమాజ సేవకుడా అన్నది ఆయన ప్రశ్న. బౌద్ధాన్ని స్వీకరించిన ఏడాదిలోనే ఆ బౌద్ధపు పీఠాన్ని కూడా ప్రశ్నించగలిగిన ధైర్యం అగ్గిక్ఖంధోపమ సుత్తపు వారసత్వమే.

ఆ వారసత్వం మన సంఘాలకూ వర్తిస్తుంది. మనం కాషాయం కట్టలేదు. అయినా తెల్లబట్టలు కట్టి, బుద్ధ పూర్ణిమనాడు వేదిక ఎక్కి, పంచశీల చెప్పించి, కులం లేని సమాజం గురించి ప్రసంగిస్తున్నాము. ఇంటికి వెళ్ళి పిల్లల పెళ్ళి సంబంధానికి ముందుగా ఏమి అడుగుతున్నాము? సభకు ముందు హాలు ఊడ్చిన మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు? విధికుని శిలాఫలకం గురించి తరగతిలో గొంతెత్తి పాఠం చెప్పే మావంటివారు, తోలుపని చేసే ఇంటినుండి వచ్చిన విద్యార్థి చివరి బెంచీలో ఎందుకు కూర్చున్నాడో ఎన్నిసార్లు అడిగాము? ఇది ఇతరులను ఉద్దేశించి రాస్తున్న మాట కాదు. దేవదూతలను చూశాముగాని ప్రమత్తులమై ఉండిపోయామని ఒప్పుకోవలసినవారిలో మేమూ ఉన్నాము.

దీనికి మార్గం కూడా సంఘ చరిత్రలోనే ఉన్నది. వర్షావాసం ముగిసిన నాడు భిక్షువులు జరిపే ప్రవారణలో ఒక్కొక్కరూ లేచి, తమలో ఏదైనా దోషం చూసినా, విన్నా, అనుమానించినా దయతో చెప్పమని తక్కినవారిని కోరుతారు. శ్రావస్తిలోని పూర్వారామంలో ఒక ప్రవారణనాడు బుద్ధుడే ముందుగా, తన నడతలోగాని మాటలోగాని ఆక్షేపించదగినది ఏదైనా ఉన్నదా అని ఐదువందలమంది భిక్షువులను అడిగాడని సంయుత్త నికాయం చెబుతున్నది. ఏ దోషమూ లేదని శారిపుత్రుడు బదులిచ్చి, తన విషయం కూడా అలాగే అడిగాడు. బుద్ధునికి ఆ ప్రశ్న అవసరం లేదు. సంఘానికి ఆ అలవాటు అవసరం.

మన సంఘాలు ఏటా జరిపే కార్యక్రమాల పట్టికలో పూర్ణిమలు, జయంతులు, వర్ధంతులు, ధర్మయాత్రలు ఉన్నాయి. ప్రవారణ లేదు. రాబోయే ఆశ్వయుజ పూర్ణిమనాడు మైకు, దండలు, శాలువాలు పక్కనబెట్టి, అధ్యక్షుడు మొదలుకొని ప్రతి సభ్యుడూ ఆ ఒక్క ప్రశ్న అడగాలని, హాలు ఊడ్చే మనిషిని కూడా వృత్తంలో కూర్చోబెట్టి ఆమె చెప్పేది వినాలని మేము ప్రతిపాదిస్తున్నాము. ఆమె ఏమి చెబుతుందోనని ఇప్పుడే కొంత జంకు కలుగుతున్నదంటే, మనలో ఒత్తప్ప ఇంకా మిగిలి ఉన్నట్లే.